ముద్దుపళని పీఠిక: ఒక డిగ్రీ తరగతిలో ఆరు వారాలు

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పడం మొదలుపెట్టి నాకిది పందొమ్మిదో ఏడు. కిందటి ఏడాది మూడో సంవత్సరం పిల్లల చేత పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని కావ్యం చదివించినప్పుడు జరిగిన ఒక అనుభవాన్ని, అందులో నేను చేసిన పొరపాటుతో సహా, తోటి తెలుగు టీచర్ల కోసం రాస్తున్నాను. వేశ్య పాత్ర, శృంగార కావ్యం తరగతిలోకి వచ్చినప్పుడల్లా మనందరికీ ఎదురయ్యే ఇబ్బందే ఇది. కొందరం ఆ పేజీలు దాటేస్తాం. కొందరం గైడులో ఉన్నంతవరకు చదివించి ఊరుకుంటాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను.

ఒకే వాక్యం, ఇరవై పేపర్లు

కన్యాశుల్కం మా సిలబస్‌లో ఉంది. మధురవాణి మాటలు చదవమని ఒక అబ్బాయిని లేపితే గొంతు సన్నం చేసి, చెయ్యి తిప్పుతూ చదివాడు. క్లాసంతా నవ్వింది. కోప్పడి కూర్చోబెట్టాను. తర్వాతి వారం ఇంటర్నల్ పరీక్షలో మధురవాణి పాత్ర గురించి రాయమన్నాను. ఇరవై ఏడు పేపర్లు దిద్దితే ఇరవైకి పైగా వాటిలో ఒకే వాక్యం కనిపించింది: "మధురవాణి పతిత అయినప్పటికీ ఉత్తమురాలు." గైడులోంచి దింపుకున్న వాక్యం అది.

ఆ రాత్రి నాటకం మళ్ళీ తెరిచాను. మధురవాణి ఎక్కడి నుంచి పడింది? ఆమె సానుల ఇంట పుట్టింది. తల్లి చెప్పిన నీతులు ఆమె నోట వినిపిస్తాయి. ఏ మెట్టు మీద నిలబడి ఉండగా కాలు జారిందో నాటకంలో ఎక్కడా లేదు. మరి "పతిత" అనే మాట పిల్లల చేతికి ఎలా వచ్చింది? వాళ్ళు ఆలోచించి రాసింది కాదు. నాకూ అది నా టీచర్ల నుంచే వచ్చింది, నేనూ ఒకప్పుడు పరీక్షలో రాశాను.

మర్నాడు బోర్డు మీద "సాని" అని ఒక్క మాట రాసి, అర్థం చెప్పమన్నాను. వెనక బెంచీల్లో నవ్వు. దాని పక్కనే "దొరసాని" అని రాశాను. నవ్వు ఆగింది. సంస్కృతంలోని "స్వామిని" నుంచి వచ్చిన మాట సాని. యజమానురాలు అని అర్థం. దొరసానిలో ఆ గౌరవం ఇంకా ఉంది. విడిగా అంటే తిట్టయింది. ఒక అమ్మాయి లేచి, "మేడం, మాట మారిందా, వాళ్ళను చూసే చూపు మారిందా?" అంది. దానికి ఒక గంటలో సమాధానం చెప్పలేనని, శనివారం చివరి పీరియడ్ ఆరు వారాలు దీనికే ఇస్తానని చెప్పాను. అలా ముద్దుపళని మా తరగతికి వచ్చింది.

పుస్తకం కథ

తెలియనివాళ్ళ కోసం వివరాలు. తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు 1739 నుంచి 1763 వరకు ఏలాడు. ఆయన ఆస్థానంలో ఉన్న వేశ్య ముద్దుపళని. ఆమె రాసిన శృంగార ప్రబంధం రాధికా సాంత్వనం, నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు. తాను పెంచి పెద్దచేసిన ఇళాదేవిని రాధే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. చేశాక తట్టుకోలేకపోతుంది. అసూయ, కోపం, విరహం అన్నీ ఆమెవే. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను సముదాయించుకోవాలి. కావ్యం పేరే అది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు రాయడం కొత్త కాదు. నాయకరాజుల కాలంలోనే రఘునాథ నాయకుడి కొలువులో రామభద్రాంబ, మధురవాణి (కన్యాశుల్కంలో పాత్ర కాదు, ఆ పేరున్న కవయిత్రి), విజయరాఘవ నాయకుడి కొలువులో రంగాజమ్మ ఉన్నారు. గృహిణికి అక్షరం అందని రోజుల్లో ఈ స్త్రీలకు సంస్కృతం, తెలుగు, సంగీతం, నాట్యం అందాయి. అలాగని వాళ్ళ బతుకు పూలపాన్పు అని నేను పిల్లలకు చెప్పలేదు. కొలువు ఉంటేనే ఆ చదువుకు విలువ. 1799లో తంజావూరు పాలన కంపెనీ చేతికి పోయింది. 1855లో మగ వారసుడు లేకుండా చివరి రాజు పోవడంతో కొలువే లేకుండా పోయింది. పోషించే చెయ్యి పోయాక పాట, ఆట బజారు మేళం అయ్యాయి. 1890ల్లో మద్రాసులో మేళాలకు, అంటే సానుల ఆటపాటలకు, వ్యతిరేకంగా ఉద్యమం లేచేనాటికి చదువుకున్నవాళ్ళ కళ్ళ ముందు ఉన్నది ఆ మేళమే. వంద, నూటయాభై ఏళ్ళ కిందటి ముద్దుపళనిని కూడా అదే కంటితో చూశారు.

పుస్తకం అచ్చయిన తీరులోనే మా చర్చంతా ఉంది. సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు దీనికి వ్యాఖ్య రాశారు. 1887లో అచ్చయింది, 1907లో మళ్ళీ వేశారు. ఆ ముద్రణల్లో కొన్ని పద్యాలు పోయాయి. వాటితో పాటు పీఠిక పోయింది. ముద్దుపళని తన వంశం చెప్పుకున్న పద్యాలున్న చోటు అది. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ సంగతి పట్టుకున్నారు. 1878లో నంజనగూడులో పుట్టి, మద్రాసులో పేరు తెచ్చుకున్న సంగీత విద్వాంసురాలు, తనూ ముద్దుపళనిలాగే సానుల కులంలో పుట్టిన మనిషి. సరైన ప్రతి సంపాదించి, దగ్గర పెట్టుకుని చూసి, మొత్తం పుస్తకాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు. ముందుమాట ఆమే రాశారు.

అంతకు ముందే కందుకూరి వీరేశలింగం పంతులు గారు తన ఆంధ్ర కవుల చరిత్రములో ముద్దుపళనిని తప్పుపట్టి ఉన్నారు. ఆ పుస్తకంలోని చాలా భాగం ఆడది వినకూడనిది, ఇక ఆడదాని నోట రావడమేమిటని ఆయన అభ్యంతరం. నాగరత్నమ్మ ముందుమాటలో నేరుగా జవాబిచ్చారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకే ఉండాలా, మగవాళ్ళకు అక్కర్లేదా అని అడిగారు. పంతులు గారే చూసి ఒప్పుకున్న వైజయంతీ విలాసంలో ఇంతకంటే పచ్చిగా లేదా అని కూడా అడిగారు.

1911లో పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. అశ్లీలం కింద వావిళ్ళ వారి మీద కేసు. శశిలేఖ పత్రిక అప్పటికే, రాసిందీ వేశ్యే, దిద్దిందీ వేశ్యే అన్న ధోరణిలో రాసింది. పండితులు ప్రభుత్వానికి విన్నపం పంపినా లాభం లేకపోయింది. ముప్పై అయిదేళ్ళకు, టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నిషేధం తొలగింది. 1952లో మళ్ళీ అచ్చయింది. నాగరత్నమ్మ కన్నుమూసింది ఆ ఏడాది మే 19న.

మొదటి రెండు వారాలు, నా పొరపాటు

ఇంత చరిత్ర తెలిసి కూడా నేను ఏం చేశానంటే, పన్నెండు పద్యాలు ఏరి జిరాక్సు తీయించాను. "క్లాసులో చదవగలిగినవి" అని నాకు నేనే గీత గీసుకున్నాను. పీఠిక వదిలేశాను. వంశవర్ణన కదా, ఏ ప్రబంధంలో అయినా ఉండేదే, పిల్లలకు బోరు అనుకున్నాను.

మొదటి శనివారం ఫరవాలేదు. రెండో శనివారం రాధ విరహం పద్యాలు తీశాను. అమ్మాయిలు తల దించుకున్నారు. అబ్బాయిలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఒక పద్యానికి ప్రతిపదార్థం చెబుతుండగా నా గొంతే తడబడింది. ఇది మీకు ముఖ్యమని చెబుతున్నాను: పిల్లల ఇబ్బంది కంటే ముందు నా ఇబ్బంది వాళ్ళకు తెలిసిపోయింది. ఆ సాయంత్రం జిరాక్సు కాగితం ఫోటో ఒకటి, రెండు మాటల కింద గీతలు గీసి, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరిగింది. సోమవారానికి ఒక అమ్మాయి తండ్రి కాలేజీకి ఫోన్ చేశాడు. పై అధికారి పిలిచి, "అంతమంది కవులుండగా ఈవిడే దొరికిందా అమ్మా?" అన్నారు. మనిషి మంచివాడే, నన్ను కాపాడాలనే అన్నాడు. అయినా ఆ రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. టెన్షన్ ఒకటి, అంతకుమించి అవమానం.

జవాబు రాసి ఇవ్వాలి కాబట్టి నాగరత్నమ్మ ముందుమాట మళ్ళీ తీశాను. పాత ముద్రణ మీద ఆమె ఫిర్యాదు చదువుతూ నా జిరాక్సు కట్ట వైపు చూశాను. 1887 నాటి పుస్తకానికి జరిగిందే నేనూ చేశాను. మనిషిని కోసేసి పద్యాలు మిగిల్చాను. ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా చేతికి వచ్చిన శృంగార పద్యం పిల్లలకు వాట్సాప్‌లో తిరిగే మరో ముక్కలాగే కనిపిస్తుంది. వాళ్ళ తప్పేముంది?

మూడో వారం: పీఠిక

పద్యాలన్నీ వెనక్కి తీసుకుని పీఠిక మాత్రం పంచాను. ఏ కవి అయినా తాతలను, తండ్రులను, గోత్రాన్ని చెబుతాడు. ముద్దుపళని తన నానమ్మ తంజనాయకిని చెబుతుంది, మేనత్తను చెబుతుంది. విద్య తనకు ఎవరి నుంచి వచ్చిందో వాళ్ళను చెబుతుంది. తర్వాత తన గురించి చెప్పుకుంటుంది. నాలాంటి ఆడవాళ్ళలో పండితులకు కానుకలిచ్చి సత్కరించింది ఇంకెవరు, కావ్యాలు అంకితం పొందింది ఇంకెవరు అని అడుగుతుంది.

ఒక పద్యం దగ్గర చాలాసేపు ఆగాం. నిండు చందమామలాంటి ముఖం, ఆ ముఖానికి తగ్గ మాట, ఆ మాటకు తగ్గ దయ నిండిన చూపు, ఆ చూపుకు తగ్గ దానగుణం, రాజులు మెచ్చే పళనికి ఇవే నగలు అని ఆమె భావం. అంగాంగ వర్ణన వస్తుందని ఎదురుచూసిన పిల్లలు ఆగిపోయారు. అందం ముఖం దగ్గర మొదలై చేతి దగ్గర, అంటే ఇచ్చే చెయ్యి దగ్గర ఆగుతుంది. "తన గురించి తనే ఇలా రాసుకుందా?" అని గొంతు సన్నం చేసి చదివిన ఆ అబ్బాయే అడిగాడు. రాసుకుంది. అందుకే కోసేశారా అని అమ్మాయిలు అడిగారు. కోసినవాళ్ళ మనసులో ఏముందో నేను చెప్పలేనన్నాను. పచ్చి పద్యాలతో పాటు ఏ పచ్చీ లేని ఈ పేజీలు కూడా పోయాయన్నది మాత్రం మన కళ్ళ ముందే ఉంది.

నాలుగో వారం: పంతులు గారు

ఈ వారం గొడవ ఎక్కువైంది, అది మంచికే. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిన మనిషి, ఊళ్ళో పెద్దల చేత వెలి వేయించుకున్న మనిషి, ఇంకో ఆడదాని పుస్తకం గురించి ఇలా ఎలా రాశాడని పిల్లలకు మింగుడుపడలేదు. ఒక అబ్బాయి ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డాడు. ఉద్యోగస్తులు సానులను ఉంచుకుని ఇల్లు పట్టించుకోని కాలం అది, భార్యల కన్నీళ్ళు చూసిన మనిషికి ఆ పుస్తకం వేరేలా ఎలా కనిపిస్తుందన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. ఆయన కోపం వచ్చిన చోటు నిజమైనదే. అది కావ్యం మీద పడటంలోనే తప్పు ఉంది.

నాగరత్నమ్మ ఎత్తిచూపిన వైజయంతీ విలాసం సారంగు తమ్మయ్యది, 17వ శతాబ్దం. విప్రనారాయణుడనే భక్తుడిని దేవదేవి అనే వేశ్య వలలో వేసుకునే కథ. ఆ కథలో పడిపోయేది భక్తుడు. దేవదేవి పడదోసే మనిషి. పురుషుడు రాసిన వేశ్య సాధారణంగా ఇలాగే ఉంటుంది, మగవాడి పతనానికి నిచ్చెనో, అతని ఉద్ధరణకు పరీక్షో. ఆమెకు ఏం కావాలన్న ప్రశ్నే రాదు. రాధికా సాంత్వనంలో ఆ ప్రశ్న తప్ప ఇంకోటి లేదు.

ఇక్కడ పిల్లలకు బడిలో కంఠతా వచ్చిన పద్యం పనికొచ్చింది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి తలను కాలితో తోసేస్తుంది. "జలజాతాసన వాసవాది సురపూజా భాజనంబై" అని నేను ఎత్తుకోగానే సగం క్లాసు అందుకుంది. "శిరమచ్చో వామపాదంబునం దొలగంద్రోచె" దాకా వచ్చి ఆగాం. దేవుడి తల తన్నిన పద్యం బడి పుస్తకాల్లో వేస్తాం, రసం అంటాం. అదే కోపం, అదే అలక ఒక సాని రాస్తే పోలీసులు వచ్చారు. ఇది చెప్పడానికి నాకు వేరే వ్యాఖ్యానం అవసరం పడలేదు.

అయిదో వారం: మళ్ళీ మధురవాణి

కన్యాశుల్కం 1892 ఆగస్టు 13న విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ పుస్తకానికి సరిగ్గా ఏడాది ముందు. ఈ రెండు పుస్తకాలు ఒకే గాలి పీల్చాయని నేను ఇన్నేళ్ళూ గమనించలేదు.

వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు ఇంటికి మధురవాణి మగవేషంలో వచ్చే రంగం చదివించాం. ఈసారి ఎవరూ గొంతు మార్చలేదు. ఆమె అడిగిన ముద్దుకు ఆయన ఒప్పుకున్న క్షణంలో ఆమే ఆపుతుంది. చెడనివాళ్ళను చెడగొట్టవద్దని తల్లి చెప్పిందంటుంది. ఆ మాట అయ్యాక క్లాసులో కాసేపు చప్పుడు లేదు. అప్పుడొక అమ్మాయి, "మేడం, మధురవాణి అంటే నాకు చాలా ఇష్టం. కానీ ఆమె మాటలన్నీ గురజాడ గారు రాసినవే కదా. ఆమె అమ్మ పేరు కూడా మనకు తెలీదు," అంది.

నేను ఎంఏలో, తర్వాత ఇన్నేళ్ళ పాఠాల్లో కన్యాశుల్కం గురించి విన్న మాటల్లో నాకు గుర్తుండిపోయేది ఇదే. గురజాడ మీద నా ప్రేమ దీనివల్ల తగ్గలేదు. తెలుగులో మగవాడు రాసిన వేశ్య పాత్రల్లో మధురవాణి అంత తెలివిగా, అంత నిండుగా నిలబడింది ఇంకోటి నాకు తెలియదు. తర్వాత వచ్చిన చింతామణి నాటకం పల్లెపల్లెనా ఆడింది, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆ కులం వాళ్ళు అడగడం వల్ల. ఆ బాధ నేను కాదనను. ఆ నాటకంలోని వేశ్య చింతామణి తరఫున అలా వచ్చి అడిగేవాళ్ళు మాత్రం ఎప్పుడూ లేరు.

ఆరో వారం: నాలుగు పంక్తులు

చివరి శనివారం ఒక పని ఇచ్చాను. ముద్దుపళని పద్ధతిలో మీ వంశం రాయండి. ఆడవాళ్ళ వైపు నుంచే. అమ్మ, అమ్మమ్మ లేదా నానమ్మ, వాళ్ళ అమ్మ, అలా ఎంతవరకు తెలిస్తే అంతవరకు. ప్రతి పేరు పక్కన ఆమె నుంచి మీకు వచ్చిన ఒక విద్య రాయండి. వంట అయినా, పాట అయినా, లెక్కలయినా ఫరవాలేదు.

చాలామంది అమ్మమ్మ దగ్గరే ఆగిపోయారు. ఇద్దరు ముగ్గురు ఇంటికి ఫోన్ చేసి అడిగి వస్తామన్నారు, పంపించాను. వరండాలో నిలబడి "అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటమ్మా?" అని అడుగుతున్న గొంతులు లోపలికి వినిపించాయి. ఒక అబ్బాయి తాతల పేర్లు ఆరు తరాలు గడగడా చెప్పగలడు, ముత్తవ్వ పేరు అతనికీ, వాళ్ళ నాన్నకీ తెలియలేదు. నేనూ రాశాను. మూడో పేరు దగ్గర నా కలమూ ఆగింది.

ఒక అమ్మాయి మాత్రం అయిదు తరాలు రాసింది. ఈ ఆరు వారాల్లో దాదాపు నోరు విప్పని పిల్ల. చదవమంటే లేవలేదు. బెల్లు కొట్టాక అందరూ వెళ్ళేదాకా ఆగి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా పుస్తకంలో పెట్టి వెళ్ళింది. ఇంటికి వచ్చి విప్పాను. అయిదు పేర్లు. నాలుగో పేరు పక్కన "పాడేది" అని ఉంది. అయిదో పేరు పక్కన ఒక గుడి పేరు. అంతే. మర్నాడు ఆమెను నేనేమీ అడగలేదు. ఆమే ఏదైనా చెప్పాలనుకుంటే వింటానని మాత్రం తెలిసేలా చూసుకున్నాను.

ఫలితాలు, మార్పులు

సెమిస్టర్ పరీక్షలో మధురవాణి ప్రశ్న మళ్ళీ వచ్చింది. "పతిత" అన్న మాట రెండు పేపర్లలో ఉంది, ఒకదాంట్లో ఆ మాటతో గొడవ పెట్టుకోవడానికే. ఫోన్ చేసిన తండ్రిని తర్వాత పిలిపించి పీఠిక చూపించాను. పూర్తిగా ఒప్పుకోలేదు గాని, కూతురిని క్లాసు మానిపించలేదు. ఇద్దరు పిల్లలు చివరివరకు ఆ శనివారాలకు రాలేదు. వాళ్ళను నేను అందుకోలేకపోయాను, దానికి వేరే దారి వెతకాలి.

ఈ ఏడాది జిరాక్సు కట్ట సిద్ధం చేశాను. మొదటి కాగితం పీఠిక. రెండోది నాగరత్నమ్మ ముందుమాట. రాధ విరహం పద్యాలు ఆ తర్వాతే. వంశం రాసే పని మొదటి వారానికి మార్చాను, ఇంటికి వెళ్ళి అడగడానికి వాళ్ళకు టైం ఉంటుందని. మా అమ్మ దగ్గర కూర్చుని మూడో పేరు కనుక్కున్నాను. వెంకమ్మ. ముగ్గులు బాగా పెట్టేదట.